పాత హాకీ స్కేట్లు ఎప్పుడు మార్చాలి, కొత్తవి ఎలా కుదుర్చుకోవాలి

ప్రతి సెప్టెంబరులో ఇక్కడ టొరంటో చుట్టుపక్కల రింకుల్లో (ఐస్ పరిచిన ఆట స్థలాల్లో) ఐస్ హాకీ సీజన్ మొదలవుతుంది. దాంతోపాటే నాకు ఫోన్లూ మొదలవుతాయి. "అన్నా, నా స్కేట్ల పని అయిపోయింది, ఏవి కొనమంటావు?" ముప్పై దాటాక మొదటిసారి ఐస్ మీద అడుగుపెట్టి, వారానికోసారి రాత్రి పదింటికి బిగినర్ లీగ్ ఆడుకునే తెలుగువాళ్లం పదిమంది దాకా ఉన్నాం. అందరం ఇంచుమించు ఒకేసారి మొదలుపెట్టాం కాబట్టి మొదటి జతలు కూడా ఒకేసారి అరిగిపోయాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. పాత స్కేట్లు కాలికి ఎలా ఉన్నాయో కొత్తవీ అలాగే ఉండాలని షాపులో వెతికితే మీరు తప్పకుండా పెద్ద సైజు కొంటారు. నాలుగేళ్లు వాడిన బూట్ లోపలి స్పాంజ్ అణిగిపోతుంది, పక్కలు వదులవుతాయి, పాత చెప్పులంత సుఖంగా ఉంటుంది. ఆ సుఖం కొత్తదాంట్లో దొరకదు, దొరక్కూడదు కూడా.

ఇది మామూలు ఆటగాళ్ల స్కేట్ల గురించి. గోలీ (గోల్‌కీపర్) స్కేట్ల లెక్క వేరు, వాటి జోలికి పోవడం లేదు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- మీ పాత స్కేట్లు, శుభ్రంగా తుడిచి
- రింకుకి రోజూ వేసుకునే పల్చటి సాక్సులు (ఆ జతే, వేరేది కాదు)
- తెల్ల కాగితాలు రెండు, పెన్సిల్, స్కేలు
- 25 సెంట్ల నాణెం ఒకటి
- కొత్త లేసులు. మైనం పూసినవీ పూయనివీ రెండు రకాలు దొరుకుతాయి
- బ్లేడ్లకు గుడ్డ తొడుగులు. ఇక్కడ సోకర్లు అంటారు. నడిచేందుకు వేసుకునే గట్టి ప్లాస్టిక్ గార్డులు వేరు, అవీ ఉండాలి
- షాపులో గంటన్నర సమయం. మధ్యాహ్నం లంచ్ బ్రేక్‌లో వెళ్లి కొనుక్కొచ్చే వస్తువు కాదు ఇది

1. అసలు ఏది పాడైందో తేల్చుకోండి

హాకీ స్కేట్‌లో మూడు భాగాలుంటాయి. పైన బూట్, దాని అడుగున రివెట్లతో బిగించిన ప్లాస్టిక్ హోల్డర్, హోల్డర్‌లో కూర్చునే ఉక్కు బ్లేడ్. ఈ బ్లేడ్‌ని రింకుల్లో అందరూ స్టీల్ అనే అంటారు. మూడింటిలో బూట్‌ని తప్ప మిగతావాటిని మార్చుకోవచ్చు. చాలామంది స్టీల్ అరిగితే స్కేట్లే మార్చేస్తారు. నాలుగైదు వందల డాలర్లు అనవసరంగా పోతాయి.

స్టీల్‌తో మొదలుపెట్టండి. సాన పట్టిన ప్రతిసారీ కొంచెం ఉక్కు పోతుంది. కొన్నాళ్లకు బ్లేడ్ ఎంత పొట్టిదవుతుందంటే, మలుపులో బాగా వాలినప్పుడు హోల్డర్ ప్లాస్టిక్ వెళ్లి ఐస్‌ని తాకుతుంది. తాకిందంటే బ్లేడ్ పట్టు వదిలేస్తుంది, కాలు కింద నుంచి జారిపోతుంది. హోల్డర్ కింది అంచుల్లో, పక్కల్లో గరుకు గీతలు కనబడుతున్నాయా? అయితే స్టీల్ మార్చే వేళ దాటిపోయింది. జత స్టీల్ నాణ్యతను బట్టి వంద డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఒక కాలుదే మార్చకండి, రెండూ మార్చాలి. లేకపోతే ఒక కాలు ఎత్తు, ఒక కాలు పల్లం.

కొనేటప్పుడు హోల్డర్ మీద ఉన్న కంపెనీ పేరు, 272, 280 లాంటి నంబరు ఫోటో తీసుకుని వెళ్లండి. బావర్ వాళ్ల టూక్ హోల్డర్‌కి చేసిన స్టీల్ సీసీఎం స్పీడ్‌బ్లేడ్ హోల్డర్‌లో పట్టదు. ఒకే కంపెనీలో కూడా పాత మోడల్ హోల్డర్‌కీ కొత్తదానికీ స్టీల్ వేరుగా ఉండొచ్చు.

తర్వాత హోల్డర్. బూట్‌ని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో హోల్డర్‌ని అటూ ఇటూ ఊపండి. కటకటమని కదిలితే రివెట్లు వదులయ్యాయి. షాపులో కొట్టి బిగిస్తారు, తుప్పు పట్టినవి మార్చేస్తారు, పెద్ద ఖర్చేం కాదు. ప్లాస్టిక్‌లో పగులుంటే మాత్రం ఆ హోల్డర్‌తో ఇక ఆడకండి. లేసులు దూర్చే ఐలెట్లు ఊడినా షాపులో మార్చేస్తారు. మడమ దగ్గర లోపలి గుడ్డ చిరిగితే ప్యాచ్ వేస్తారు.

ఇక బూట్. లేసులు పూర్తిగా వదులు చేసి, చీలమండ వచ్చే చోట రెండు పక్కలనూ అరచేతుల మధ్య పెట్టి నొక్కండి. గట్టిగా ఎదురు నెట్టాలి. పాత పుస్తకం అట్టలా వంగి రెండు పక్కలూ దగ్గరికొస్తే బూట్ చచ్చిపోయింది. ఇంకో పరీక్ష: లేసులు కట్టకుండా బల్ల మీద నిలబెట్టండి. పై భాగం ఒక పక్కకు వాలిపోతోందా? చీలమండ దగ్గర లోతైన మడతలు పడ్డాయా? మడమ పైన వెనక నిలబడి ఉండే పట్టీ, అంటే టెండన్ గార్డ్, విరిగి వేలాడుతోందా? టెండన్ గార్డ్ ఒక్కటే విరిగితే కొన్ని మోడళ్లలో మార్చొచ్చు. పక్కలు మెత్తబడితే మందు లేదు.

"ఇంకోసారి బేక్ చేయిస్తే గట్టిపడుతుందేమో" అని అడుగుతుంటారు. గట్టిపడదు. బేక్ చేయడమంటే ఓవెన్‌లో వేడి చేయడం, అది బూట్‌ని కాలి ఆకారానికి తేవడానికే, పోయిన బలం తిరిగి తేవడానికి కాదు. అరిగిన బూట్‌ని మళ్లీ వేడి చేస్తే జిగురు వదిలే ప్రమాదం కూడా ఉంది.

బూట్ ఇంకా గట్టిగానే ఉండి, కేవలం కాలు లోపల జారుతున్నట్టుంటే ముందు ఇన్‌సోళ్లు, లేసులు మార్చి చూడండి. మా టీమ్‌లో ఒకాయన అలా నలభై డాలర్లతో ఇంకో సీజన్ లాగించాడు.

2. ఇంట్లోనే కాలు కొలవండి, సాయంత్రం పూట

రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది. మన ఆటలు ఎలాగూ రాత్రిళ్లే కాబట్టి కొలత కూడా సాయంత్రమే తీయండి. కాగితం నేల మీద గోడకు ఆనించి పెట్టి, మడమ గోడకు తగిలేలా నిలబడండి. కూర్చుని కొలిస్తే తక్కువ వస్తుంది. అన్నిటికన్నా పొడుగ్గా ఉన్న వేలి దగ్గర గీత గీయండి. అది బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి పక్క వేలు పొడుగు. పాదం బాగా వెడల్పుగా ఉన్నచోట కూడా రెండు పక్కలా గీయండి. రెండు కాళ్లూ కొలిచి, పెద్దదాని కొలత సెంటీమీటర్లలో రాసుకోండి.

సైజు అంకెల దగ్గర మనవాళ్లు తికమకపడేది ఇక్కడే. హాకీ స్కేట్ సైజు ఉత్తర అమెరికా మగవాళ్ల షూ సైజు కన్నా ఒకటి నుంచి ఒకటిన్నర తక్కువ ఉంటుంది. ఇక్కడ 9 షూ వేసుకునేవాళ్లకు స్కేట్ 7.5 లేదా 8. ఇండియాలో మనం కొనే బూట్ల సైజులు బ్రిటిష్ లెక్క, అది ఇక్కడి మగవాళ్ల లెక్క కన్నా సుమారు ఒకటి తక్కువ. అంటే హైదరాబాదులో మీ షూ 8 అయితే స్కేట్ సైజు కూడా 8కో, అర తక్కువకో దగ్గర్లో ఉంటుంది. ఇది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి మాత్రమే. ఆడవాళ్ల షూ సైజు నుంచి లెక్కలు కట్టుకుంటే తప్పులు ఎక్కువ, సెంటీమీటర్లే నమ్ముకోండి.

నా మొదటి జత కథ చెప్పాలి. షాపులో కుర్రాడు కాలు కొలవలేదు, నేనూ అడగలేదు. షూ సైజు చెప్పాను, అదే తెచ్చిచ్చాడు. వేసుకుంటే హాయిగా ఉంది! వదులు తెలియకుండా రెండు జతల సాక్సులు తొడిగాను. రెండు చలికాలాలు చీలమండలు వణుకుతూనే స్కేట్ చేశాను. నా కాళ్లలోనే బలం లేదనుకుని ఇంట్లో వ్యాయామాలు కూడా మొదలుపెట్టాను. లోపం స్కేట్ సైజులో ఉంది.

3. షాపుకి వెళ్లండి, ఆన్‌లైన్‌లో కాదు

కెనడాలో సోర్స్ ఫర్ స్పోర్ట్స్, ప్రో హాకీ లైఫ్ లాంటివి, అమెరికాలో ప్యూర్ హాకీ లాంటివి హాకీ సామానుకి పేరున్న చోట్లు. అన్ని ఆటల వస్తువులూ అమ్మే పెద్ద దుకాణాల కన్నా ఇలాంటి చోట కాళ్లు కొలిచేవాళ్లు దొరికే అవకాశం ఎక్కువ. వారం మధ్యలో వెళ్లండి. శనివారం పొద్దున పిల్లలతో కిటకిటలాడుతుంటే మీ మొహం చూసే తీరిక ఎవరికీ ఉండదు.

కంపెనీ పేరు కన్నా పాదం ఆకారం ముఖ్యం. బావర్‌లో ఫిట్ 1, ఫిట్ 2, ఫిట్ 3 అని మూడు ఉంటాయి. సన్నటి, పల్చటి పాదానికి ఒకటి, మధ్యస్థానికి రెండు, వెడల్పుగా, ఎత్తుగా ఉన్నదానికి మూడు. సీసీఎంలో అవే టేపర్డ్, రెగ్యులర్, వైడ్. పాత స్కేట్ల మీద D అనో, EE అనో రాసి ఉంటే అది పాత పద్ధతిలో వెడల్పు కొలత. నేను చూసినంతలో, చెప్పులేసుకుని పెరిగిన మన కాళ్లు చాలావాటికి వేళ్ల దగ్గర వెడల్పు, మడమ దగ్గర సన్నం. అలాంటివాళ్లు వెడల్పు కోసం పొడుగు పెంచుకుంటారు, అది తప్పు. పొడుగు అంతే ఉంచి ఫిట్ మార్చమని అడగండి.

ఎంత ఖరీదైనవి? అన్నిటికన్నా కింది రకం బూట్లు మెత్తగా ఉంటాయి, ఎనభై కిలోల మనిషి వారానికి రెండు రోజులు ఆడితే తొందరగా వంగిపోతాయి. పై రకం వెయ్యి డాలర్లు దాటుతుంది. అవి రోజూ ఆడేవాళ్ల కాళ్లకు చేసిన గట్టి బూట్లు, మనకు మడమలు కొట్టుకుపోవడం తప్ప లాభం లేదు. మధ్య రకంలో పోయిన ఏడాది మోడల్ ఉందేమో అడగండి. కొత్త మోడల్ రాగానే పాతది తగ్గించి అమ్ముతారు.

సెకండ్ హ్యాండ్ సంగతి: వెనక్కిచ్చిన జతో, రెండు మూడుసార్లే వాడిన జతో అయితే సరే. బాగా వాడినది వద్దు. అది వేరేవాళ్ల కాలికి అచ్చుపడిపోయి ఉంటుంది, పైగా మొదటి మెట్టులో చెప్పిన నొక్కుడు పరీక్షలో ఓడిపోతుంది.

4. కాలికి పెట్టి చూడటం

ఇక్కడ తొందరపడితే తర్వాత ఏం చేసినా సరికాదు. మీ పల్చటి సాక్సులే వేసుకుని, ఈ వరుసలో చూడండి.

మొదట లేసులు బాగా వదులు చేసి, కాలు ముందుకు నెట్టి వేళ్లు టో క్యాప్‌కి (బూట్ ముందుండే గట్టి కప్పుకి) తగిలేలా నిలబడండి. మడమ వెనక మీ చూపుడు వేలు బిగుతుగా దూరాలి. ఒక్క వేలు. సులువుగా రెండు దూరితే సైజు పెద్దది. అసలు దూరకపోతే చిన్నది.

తర్వాత కూర్చుని మడమని నేలకేసి రెండుసార్లు తట్టి వెనక్కి కూర్చోబెట్టండి. బూట్ లోపల మడమకో గుంట ఉంటుంది, అక్కడ దిగాలి. అప్పుడే లేసులు కట్టాలి. వేళ్ల దగ్గర మామూలుగా, చీలమండ వంపు దగ్గర గట్టిగా, పైన రెండు కన్నాల్లో మళ్లీ కాస్త వదులుగా.

నిటారుగా లేచి నిలబడండి. వేళ్ల చివర్లు ముందు గోడని పూసుకున్నట్టు తగలాలి, ముడుచుకోకూడదు. ఇప్పుడు మోకాళ్లు వంచి, ఐస్ మీద నిలబడినట్టు కూర్చోండి. వేళ్లు ముందు నుంచి కొద్దిగా వెనక్కి జరగాలి. నిటారుగా ఉన్నప్పుడు ఇరుకనిపించి, వంగినప్పుడు హాయిగా ఉంటే అదే మీ సైజు. చాలామంది షాపులో నిటారుగా నిలబడి "వేళ్లు తగులుతున్నాయి" అని అర సైజు పెంచేస్తారు. ఐస్ మీద నిటారుగా ఎవరూ నిలబడరు కదా!

పెన్సిల్ పరీక్ష కూడా చేయండి. లేసులు తీసేసి, బూట్ నాలుక ముందుకు లాగి, పై నుంచి మూడో ఐలెట్ల జత మీద పెన్సిల్ అడ్డంగా పెట్టండి. పెన్సిల్ రెండు పక్కలా ఐలెట్ల మీద ఆనాలి. మీ పాదం పైభాగం తగిలి పెన్సిల్ దొర్లుతుంటే బూట్ లోతు చాలదు. అలాంటి బూట్ కొంటే పాదం పైన లేసులు కోసినట్టు నొప్పి వస్తుంది, ఎంత వాడినా పోదు. లోతైన ఫిట్ అడగండి.

చివరిగా మడమ. లేసులు కట్టి, కాలి మునివేళ్ల మీద లేవండి. లోపల మడమ పైకి లేస్తోందా? కొంచెమైనా లేస్తే ఆ బూట్ మీది కాదు. వేళ్ల దగ్గర ఇరుకుని షాపువాళ్లు వేడి చేసి కొంత సరిచేయగలరు. మడమ దగ్గర వదులుని ఎవరూ సరిచేయలేరు.

ఇప్పుడు అరగంట అలాగే కూర్చోండి. ఫోన్ చూసుకోండి, షాపులో రబ్బరు చాప మీద తిరగండి. పాదం మొత్తం నొక్కుతున్నట్టుంటే పర్వాలేదు, కొత్త బూట్ అలాగే ఉంటుంది. వేళ్లు మొద్దుబారినా, ఒకేచోట సూదితో పొడిచినట్టున్నా తీసేయండి. కొత్త చెప్పు కరవడం వేరు, తప్పు చెప్పు కరవడం వేరు. మొదటిది పదిరోజులకు మానుతుంది.

5. బేకింగ్

స్కేట్లని షాపులోని ప్రత్యేక ఓవెన్‌లో సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని నిమిషాలు వేడి చేసి, మెత్తబడ్డాక కాలికి తొడిగి అచ్చు పట్టిస్తారు. కింది రకాలు కొన్ని దీనికి పనికిరావు, ముందే అడగండి. కొన్నచోట మామూలుగా ఉచితంగానే చేస్తారు.

వేడి బూట్ తొడిగాక మూడు జాగ్రత్తలు. లేసులని పక్కలకు లాగకండి, పైకి, ముందుకు లాగండి. మెత్తగా ఉన్నప్పుడు పక్కకు లాగితే ఐలెట్లు ఊడొస్తాయి. లేచి నడవకండి, పది పదిహేను నిమిషాలు మోకాళ్లు ముందుకు వంచి కూర్చోండి. ఇంటికెళ్లాక ఒక రోజంతా చల్లారనిచ్చి తర్వాతే ఐస్ మీదకి.

వంటింటి ఓవెన్‌లో పెట్టకండి. మా తెలిసినాయన ఒకరు యూట్యూబ్ చూసి పెట్టారు. దాని వేడి ఒకచోట ఒకలా ఉంటుంది. హోల్డర్ కొద్దిగా వంకరైంది, గ్యారంటీ కూడా పోయింది.

6. సాన పట్టించకుండా ఐస్ ఎక్కకండి

కొత్త స్కేట్లు పెట్టెలోంచి తీసినప్పుడు పదును ఉండదు. ఈ సంగతి షాపువాళ్లు చెప్పడం మర్చిపోవచ్చు. నాకు చెప్పలేదు. రెండో జత కొన్న రోజు నేరుగా డ్రాప్-ఇన్‌కి (ఎవరైనా వచ్చి ఆడుకునే ఆటకి) వెళ్లి, గేటు దాటి ఒక అడుగు వేశాను. రెండో అడుగు వేయలేదు, నడుం మీద కూర్చున్నాను.

సాన పట్టేచోట ఎంత గాడి కావాలని అడుగుతారు. బ్లేడ్ అడుగు భాగం చదునుగా ఉండదు, మధ్యలో గాడిలా తవ్వి రెండు అంచులు నిలబెడతారు. ఆ గాడిని గీసే వృత్తం వ్యాసార్థమే వాళ్లు చెప్పే అంకె. అంకె చిన్నదైతే గాడి లోతు, పట్టు ఎక్కువ. పెద్దదైతే జారుడు ఎక్కువ. అర అంగుళంతో మొదలుపెట్టండి. ఆగేటప్పుడు బ్లేడ్ ఐస్‌లో ఇరుక్కుని ముందుకి తూలుతున్నారనుకోండి, మీరు బరువైన మనిషైతే మరీను, తర్వాతసారి 5/8 అంగుళం అడగండి. పాత స్కేట్లకి ఏది చేయించేవారో తెలిస్తే అదే చెప్పండి. బూట్ మారిన రోజే గాడీ మారిస్తే ఏది ఎందుకు తేడాగా ఉందో తెలియదు.

సరిగ్గా పట్టారో లేదో అక్కడే చూసుకోండి. స్కేట్ తలకిందులుగా పట్టుకుని, బ్లేడ్ మీద అడ్డంగా నాణెం పెట్టండి. వెనక నుంచి ఒక కన్ను మూసి చూస్తే నాణెం బ్లేడ్‌కి సరిగ్గా అడ్డంగా, సమంగా ఉండాలి. ఒక పక్కకు ఒరిగితే ఒక అంచు ఎత్తు, ఒక అంచు తక్కువ. మళ్లీ పట్టమనండి, మొహమాటపడకండి. తర్వాత గోరుని అంచుకి అడ్డంగా, మెల్లగా గీయండి. గోరు పొడి సన్నగా రాలాలి. బ్లేడ్ పొడుగునా వేలు మాత్రం పోనివ్వకండి, తెగుతుంది.

ఇంకోటి. స్కేట్‌ని మడమ వైపు నుంచి చూడండి. బ్లేడ్ బూట్ మధ్యలో నుంచి తిన్నగా ముందుకి పోవాలి. కొత్త జతలో కూడా హోల్డర్ కొద్దిగా పక్కకు బిగించి ఉండే సందర్భాలుంటాయి. అలాంటి జత వేసుకుంటే ఒక కాలు మీద జారుతున్నప్పుడు ఎప్పుడూ ఒకే పక్కకి లాగుతుంది. వెంటనే వెనక్కివ్వండి.

7. అలవాటు చేసుకోవడం

మొదటి నాలుగైదు రోజులు ఇంట్లో గార్డులు తొడిగి, టీవీ చూస్తూ ఇరవై నిమిషాలు వేసుకోండి. తర్వాత పబ్లిక్ స్కేటింగ్‌కో, స్టిక్ అండ్ పక్‌కో (మ్యాచ్ లేకుండా ఊరికే ప్రాక్టీసు చేసుకునే సమయం) వెళ్లండి. వీలైతే పాత జతని బ్యాగ్‌లోనే ఉంచండి, కాలు నొప్పెడితే మార్చుకోవచ్చు. మ్యాచ్‌కి మూడో నాలుగో సారి తర్వాతే. కొత్త బూట్ లొంగడానికి మొత్తం ఐదు నుంచి పది గంటలు పడుతుంది.

కంపెనీ మారినా, స్టీల్ ఎత్తు మారినా మొదటిరోజు ముందుకో వెనక్కో తోసేస్తున్నట్టుంటుంది. రెండు మూడుసార్లలో సర్దుకుంటుంది. నాలుగోసారి కూడా మడమ మీదే పడిపోతున్నట్టుంటే షాపులో బ్లేడ్ ప్రొఫైల్, అంటే బ్లేడ్ పొడుగునా ఉండే వంపు, చూడమనండి. అడుగున ఆ వంపుని కాస్త మార్చి సరిచేస్తారు.

నొప్పి ఎక్కడుందో దాన్నిబట్టి మందు:

చీలమండ ముందు, లేసులు దాటే చోట మంట పుడితే దాన్ని లేస్ బైట్ అంటారు. పై ఐలెట్ల దగ్గర బిగుతు తగ్గించండి, నొప్పి ఉన్న ఒక కన్నాన్ని వదిలేసి కట్టండి, లేదా జెల్ ప్యాడ్ పెట్టండి. మైనం లేసులు బిగుతు బాగా నిలబెడతాయి, వీళ్లకి అవే శత్రువులు.

చీలమండ ఎముక మీదో, చిటికెన వేలి పక్కనో ఒకే చుక్క దగ్గర నొప్పెడితే ఆ చోట లిప్‌స్టిక్ రాసి, పల్చటి సాక్సు తొడిగి బూట్‌లో కాలు పెట్టి తీయండి. లోపల మరక పడినచోట షాపువాళ్లు పంచ్ చేసి ఉబ్బిస్తారు. మా ఆవిడ లిప్‌స్టిక్ ఒకటి దీనికే అంకితమైంది.

అరికాలు తిమ్మిరెక్కితే చాలాసార్లు కారణం లేసులు మరీ బిగించడమే. భయంతో బిగిస్తాం. కొద్దిగా వదలండి. అప్పటికీ తగ్గకపోతే పాదం వంపుకి తగిన ఇన్‌సోల్ వేయించండి.

మడమ వెనక బొబ్బలు వస్తే ముందు మడమ లేస్తోందేమో చూడండి. లేవట్లేదంటే ఇది తాత్కాలికమే, ప్లాస్టర్ వేసుకోండి.

8. పది గంటలయ్యాక మళ్లీ చూడండి

ఇన్‌సోల్ బయటకి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. మడమ వెనక అంచుకి పెట్టినప్పుడు వేళ్లు ముందు అంచు దాకా రావాలి, దాటకూడదు. రివెట్లు కదులుతున్నాయేమో ఊపి చూడండి. మొదటి నెలలో వదులవడం అరుదేం కాదు, షాపువాళ్లు కొట్టిస్తారు. ఒక కాలు మీద రింకులో నీలి గీత నుంచి మధ్యనున్న ఎర్ర గీత దాకా జారండి, రెండో కాలితోనూ జారండి. చీలమండ లోపలికి పడిపోకుండా తిన్నగా పోగలిగితే బూట్ మీ కాలికి కుదిరినట్టే.

మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాట్లు

పిల్లల విషయంలో "ఎదిగే కాలు కదా, రెండేళ్లు వస్తాయి" అని రెండు సైజులు పెద్దవి కొనడం. బడి యూనిఫాం అలా కొనొచ్చు, స్కేట్లు కొనకూడదు. వాడికి ఆ రెండేళ్లూ స్కేటింగ్ రాదు. అర సైజు ఎక్కువ చాలు. పిల్లలకి మాత్రం సెకండ్ హ్యాండ్ మంచి మార్గం. వాళ్లు బూట్ చచ్చేలోపే అందులోంచి ఎదిగిపోతారు, ప్లే ఇట్ ఎగైన్ స్పోర్ట్స్ లాంటి చోట్ల పాతవి ఇచ్చి వేరేవి తీసుకోవచ్చు. టో క్యాప్ గట్టిగా ఉంటుంది కాబట్టి మామూలు బూట్లలాగా ముందు బొటనవేలితో నొక్కి చూస్తే ఏమీ తెలియదు. ఇన్‌సోల్ తీసి దాని మీద నిలబెట్టండి.

చలికని మందపాటి ఉన్ని సాక్సులు వేయడం ఇంకోటి. స్కేట్ బిగుతై రక్తం ఆగి కాళ్లు ఇంకా చల్లబడతాయి.

ఆట అయ్యాక స్కేట్లని అలాగే బ్యాగ్‌లో పడేసి బేస్‌మెంట్‌లో వదిలేయడం అన్నిటికన్నా ఖరీదైన అలవాటు. బ్లేడ్లు పొడిగుడ్డతో తుడవండి, సోకర్లు తొడగండి, ఇన్‌సోళ్లు బయటకి తీసి గాలికి ఆరనివ్వండి. గట్టి గార్డులు తొడిగి దాస్తే లోపల నీళ్లు నిలిచి రెండు రోజుల్లో తుప్పు. హీటర్ పక్కన, కారు ఢిక్కీలో ఆరబెట్టకండి.

9. పాతవి ఏం చేయాలి

పారేయకండి, కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇవ్వకండి కూడా. చచ్చిన బూట్‌లో నేర్చుకునేవాడు నాలాగే తన కాళ్లనే తిట్టుకుంటాడు. పెరటి రింకులకి, గడ్డకట్టిన చెరువులకి ఉంచుకోండి. బయట ఐస్ మీద ఇసుక, పుల్లలు ఉంటాయి, ఒక్క రాయి చాలు కొత్త స్టీల్ అంచు పోగొట్టడానికి. స్టీల్‌లో ఇంకా ప్రాణం ఉండి, కొత్త హోల్డర్‌కి సరిపోతే విప్పి అదనపు జతగా బ్యాగ్‌లో వేసుకోండి. స్టీల్ త్వరగా విప్పగలిగే హోల్డరైతే, ఆట మధ్యలో అంచు విరిగినా బెంచి మీదే మార్చుకోవచ్చు. పాత లేసులు మాత్రం బాగానే ఉన్నా కొత్తవాటికి ఎక్కించకండి. మెలికలు పడిన చోటే తెగుతాయి, అదీ ఆట ఆఖర్లో, మూడో పీరియడ్‌లో.